పద్దెనిమిదేళ్ల ‘ఎల్డర్’

లోకం మీదికి బయల్దేరే ముందు మార్మన్ కుర్రాళ్లు ఏం నేర్చుకుంటారు?

అమెరికాలోని ఉటా రాష్ట్రం, ప్రోవో పట్టణం. బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం పక్కనే ఓ పెద్ద ప్రాంగణం. లోపలికి వచ్చిన కారు కాలిబాట వారగా ఆగుతుంది. డిక్కీలోంచి సూట్‌కేసులు దిగుతాయి. తల్లి కౌగిలించుకుంటుంది, తండ్రి భుజం తడతాడు. ఈలోగా అక్కడే కాచుకుని ఉన్న ఇంకో కుర్రాడు వచ్చి పెట్టె అందుకుంటాడు, లోపలికి దారి తీస్తాడు. వీడ్కోలుకు అంతకుమించి వ్యవధి ఉండదు. సాగదీసిన కొద్దీ ఏడుపు ఎక్కువవుతుందని నిర్వాహకులకు తెలిసే ఉంటుంది.

లోపల నల్లటి పేరుబిళ్ల ఇస్తారు. అమ్మానాన్నలు పెట్టుకున్న పేరు దాని మీద ఉండదు. ఇంటిపేరు, ముందు ‘ఎల్డర్’ అనే బిరుదు, అంతే. అమ్మాయిలైతే ‘సిస్టర్’. కొత్తగా దిగినవాళ్లను గుర్తుపట్టి సాయం చేయడానికని ఆ బిళ్ల మీద నారింజరంగు చుక్క అంటించే ఆనవాయితీ చాలాకాలం నడిచింది. పాతకాపులు, అంటే రెండు వారాల ముందు వచ్చినవాళ్లు, ఆ చుక్కను చూసి ఆటపట్టించేవారు.

1830లో న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ స్థాపించిన యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘానికి చెందినవాళ్లు వీళ్లు. ‘మార్మన్’ అనవద్దని ఆ సంఘం 2018 నుంచి గట్టిగా చెబుతోంది గానీ లోకం నోట ఇంకా ఆ పేరే. 2024 చివరికి సభ్యులు కోటీ డెబ్బయ్ అయిదు లక్షలు. వాళ్లలో 74 వేల మందికి పైగా పూర్తికాలం మత ప్రచారంలో ఉన్నారు. ఎక్కువమంది ఇరవై దాటీ దాటనివాళ్లే. 2012 అక్టోబరులో నాటి సంఘాధ్యక్షుడు థామస్ మాన్సన్ ప్రచారానికి వెళ్లే కనీస వయసును అబ్బాయిలకు 19 నుంచి 18కి, అమ్మాయిలకు 21 నుంచి 19కి దించేసరికి దరఖాస్తులు వెల్లువెత్తాయి. ప్రచారం గడువు అబ్బాయిలకు రెండేళ్లు, అమ్మాయిలకు ఏడాదిన్నర.

జీతం లేదు, పైగా ఎదురు కట్టాలి. 2020 నుంచి అమెరికా కుటుంబం నెలకు 500 డాలర్లు జమ చేస్తోంది. పిల్లాడు జపాన్ వెళ్లినా బొలీవియా వెళ్లినా లెక్క ఒకటే. ఏ దేశమో ఎంచుకునే వీలు కూడా లేదు. సంఘాన్ని నడిపే అపొస్తలుల్లో ఒకరు నిర్ణయిస్తారు. ఆ కబురు 2018 దాకా పెద్ద తెల్ల కవరులో పోస్టులో వచ్చేది, ఇప్పుడు ఆన్‌లైన్‌లో వస్తోంది. చుట్టాలంతా పోగయ్యాక దాన్ని గట్టిగా చదవడం ఉటా ఇళ్లలో రివాజు.

ప్రోవోలోని ఈ ప్రచారకుల శిక్షణ కేంద్రం పుట్టుకకు కారణం ఏ మహా ప్రణాళికో కాదు, వీసాల జాప్యం. 1961లో మెక్సికో, అర్జెంటీనా వెళ్లాల్సిన కుర్రాళ్లకు వీసాలు ఆలస్యమయ్యాయి. ఊరికే కూర్చోబెట్టే బదులు స్పానిష్ నేర్పుదామని విశ్వవిద్యాలయంలో తరగతులు మొదలుపెట్టారు. ఇప్పుడు అక్కడ యాభైకి పైగా భాషలు నేర్పుతున్నారు. సొంత భాషలోనే పనిచేసేవాళ్లను రెండు మూడు వారాల్లో పంపేస్తారు. కొత్త భాష అయితే ఆరు నుంచి తొమ్మిది వారాలు పడుతుంది. అందులో మొదటి భాగం ఈమధ్య ఇంటి నుంచే, ఆన్‌లైన్‌లో.

పొద్దున ఆరున్నరకు లేవాలి, రాత్రి పదిన్నరకు దీపాలార్పాలి. మన ఇంటర్ కార్పొరేట్ కాలేజీ హాస్టల్‌కు తెల్ల చొక్కా, టై తొడిగినట్టుంటుంది. అక్కడైనా ఒంటరిగా మేడెక్కి కాసేపు కూర్చోవచ్చు, ఇక్కడ అదీ లేదు. ప్రతి ఒక్కరికీ ఒక జోడీ ఉంటాడు. అతన్ని సంఘమే కేటాయిస్తుంది. ఒకరి కంటికి ఒకరు కనిపిస్తూ, ఒకరి మాట ఒకరికి వినిపిస్తూ ఉండాలి. మినహాయింపు స్నానాల గదికే. గురక పెట్టేవాడితో, అస్తమానం ఇంటిని తలుచుకుని ఏడ్చేవాడితో, ప్రతిదానికీ నీతులు చెప్పేవాడితో సర్దుకుపోవాల్సిందే. మతగ్రంథాల కంటే ఈ పాఠమే కష్టమని నాకనిపిస్తుంది.

క్లాసులో పది పన్నెండు మంది. మాస్టారికి నిండా పాతికేళ్లుండవు. ఆ భాష మాట్లాడేవాళ్ల మధ్య రెండేళ్లు పనిచేసి వచ్చి, పక్క యూనివర్సిటీలో చదువుకుంటూ పార్ట్‌టైమ్‌గా పాఠం చెబుతుంటాడు. ఫిలిప్పీన్స్ వెళ్లేవాళ్ల తగాలోగ్ క్లాసే అనుకోండి. బజారెక్కడ, బస్సెక్కడ అని అడగడం తర్వాతి సంగతి. మొదట నేర్పేది ప్రార్థన. దేవుణ్ణి పిలవడం, కృతజ్ఞత చెప్పుకోవడం, కోరేది కోరడం, ముగించడం. ఈ నాలుగు ముక్కలు నోటికి వస్తే ఎంతసేపైనా నడిపించొచ్చు. ఆ వెంటనే ‘నాకు తెలుసు’, ‘నేను నమ్ముతున్నాను’ అనే వాక్యాలు.

రెండు మూడు రోజులు గడిచాయో లేదో, మాస్టారు వేషం మార్చేస్తాడు. తను ఒకప్పుడు ఆ దేశంలో కలిసిన ఏ రిక్షా డ్రైవరో, ఏ గృహస్థో అయి కూర్చుంటాడు. ఆ పాత్రకు ఇంగ్లిష్ రాదు. కుర్రాళ్లిద్దరూ కలిసి తలుపు తట్టాలి, పలకరించాలి, పాఠం మొదలుపెట్టాలి. చేతిలో చీటీ చూసుకుంటూ ‘దేవుడు మిమ్మల్ని ప్రేమిస్తున్నాడు’ అంటారు. ‘మరి మా పిల్లాణ్ణి ఎందుకు తీసుకుపోయాడు?’ అని ఆ గృహస్థు అడిగాడనుకోండి. ప్రశ్న అర్థం కావడానికే అర నిమిషం. జవాబుకు చీటీలో మాట ఉండదు. ఒకడు జోడీ వంక చూస్తాడు, రెండోవాడు చీటీ వంక. పాతరోజుల్లో పాఠాలను అక్షరం పొల్లుపోకుండా బట్టీ పట్టించేవారు. 2004లో కొత్త మార్గదర్శిని వచ్చాక ఎదుటి మనిషిని బట్టి సొంత మాటల్లో చెప్పమంటున్నారు. ఈ వేషాలు, ఈ తడబాటు అందుకే.

ఈ పద్ధతిలో తెలివుంది, గడుసుతనమూ ఉంది. ‘ఇది నిజమని నాకు తెలుసు’ అని రోజూ పదిసార్లు పరాయి భాషలో పలికేవాడు ఆ మాట ఎవరికి నూరిపోస్తున్నట్టు? ముందు తనకే. లెక్కలు కూడా అటే మొగ్గుతాయి. 2024లో ఈ మతంలో కొత్తగా చేరినవాళ్లు 3,08,682 మంది. సగటున ఒక్కో ప్రచారకుడికి నలుగురు. ఆఫ్రికాలో అంతకు చాలా ఎక్కువ, యూరప్‌లో రెండేళ్లు తిరిగినా ఒక్కరు దొరకనివాళ్లున్నారు. అయినా వాళ్లు ఓడిపోయినట్టు సంఘం భావించదు. వెళ్లొచ్చినవాడు సంఘానికి దక్కితే, అదే దాని లాభం.

ఇలా వెళ్లొచ్చినవాళ్లలో పేరున్నవాళ్లూ ఉన్నారు. అమెరికా రాజకీయ నాయకుడు మిట్ రోమ్నీ 1966లో ఫ్రాన్స్ వెళ్లారు. మద్యం ముట్టని మతాన్ని వైన్ పండించే దేశంలో బోధించడం ఎలాంటిదో ఊహించుకోవచ్చు. 1968 జూన్‌లో ఆయన నడుపుతున్న కారుకు ప్రమాదం జరిగి, అందులో ఉన్న మిషన్ అధ్యక్షుడి, అంటే అక్కడి ప్రచారకుల పెద్ద, భార్య చనిపోయారు. రోమ్నీ కూడా పోయారనే మొదట అనుకున్నారు. తైవాన్‌లో ప్రచారం చేసొచ్చిన జాన్ హంట్స్‌మన్ 2009లో చైనాకు అమెరికా రాయబారి అయ్యారు. అప్పటికి మాండరిన్ ఆయన నాలుక మీద ఉంది.

అందరి కథా ఇంత దూరం రాదు. దిగులుతోనో, జబ్బుతోనో, నమ్మకం సడలిపోయో మధ్యలో తిరిగొచ్చేవాళ్లుంటారు. ఉటాలో వాళ్లకు ఎదురయ్యే చూపులు సూటిగా గుచ్చుకుంటాయి. ఎందుకొచ్చావని ఎవరూ అడగరు, అందరికీ తెలుసుకోవాలని ఉంటుంది. 2019 ఫిబ్రవరి వరకు ఇంటికి ఫోన్ చేసే అవకాశం క్రిస్మస్‌కీ, మదర్స్ డేకీ మాత్రమే ఉండేది. ఆ తర్వాతే వారానికోసారి మాట్లాడుకోనిచ్చారు. ఇల్లు విడిచిన పద్దెనిమిదేళ్లవాడికి అమ్మ గొంతు వినిపిస్తే నిష్ఠ చెడుతుందని అన్నేళ్లు అనుకోవడం, నా దృష్టిలో, క్రమశిక్షణ కాదు, మొండితనం.

అమెరికాలో స్థిరపడ్డ తెలుగువాళ్లలో చాలామందికి ఇంటింటికీ తిరిగే ఈ జంటలు పరిచయమే. పాపం ఎండలో వచ్చారని లోపలికి పిలిచి కాఫీ ఇవ్వబోతే వద్దంటారు, పోనీ టీ అన్నా వద్దంటారు. 1833 నాటి బోధన మీద ఆధారపడిన నియమం అది. మంచినీళ్లు మాత్రం సంతోషంగా తాగుతారు.

మన వైపు నుంచీ ఈ దారి పట్టినవాళ్లున్నారు. సమోవాలో ఉద్యోగం చేస్తూ ఈ మతంలో చేరిన ఒక తెలుగు దంపతులు 1978 డిసెంబరులో హైదరాబాద్ వచ్చి, సొంత బంధువులకే బోధించారు. భారతదేశంలో ఈ సంఘపు మొదటి ‘స్టేక్’, అంటే కొన్ని స్థానిక సంఘాల కూటమి, 2012 మేలో ఏర్పడింది హైదరాబాద్‌లోనే. తర్వాత విశాఖపట్నం, రాజమండ్రి కూడా ఆ జాబితాలో చేరాయి. మన దేశపు యువకులు ప్రోవోకు కాక, ఏళ్ల తరబడి మనీలా కేంద్రానికి శిక్షణకు వెళ్లారు.

ప్రోవో నుంచి విమానం ఎక్కి దిగినవాడికి మొదటి దెబ్బ భాష దగ్గరే తగులుతుంది. మాస్టారు నిదానంగా, వాడికి తెలిసిన మాటల్లో మాట్లాడాడు. మార్కెట్లో ముసలమ్మకు ఆ అవసరం లేదు. అందుకే మొదటి పన్నెండు వారాలు అనుభవం ఉన్న జోడీని ‘ట్రైనర్’గా వేస్తారు. అతను మరీ ఆరితేరినవాడని ఎవరూ భ్రమపడక్కర్లేదు, అతనూ నిరుటి వరకు హైస్కూల్లో ఉన్నవాడే కావచ్చు. ఇంకో ఆరేడు నెలలకు, ముసలమ్మ మాట కాస్త పట్టుబడేసరికి, కొత్తగా దిగిన మరో కుర్రాణ్ణి వీడికే అప్పగిస్తారు.