ఒక పౌను గింజలు

ధాత సంవత్సరపు కఱవును గూర్చి పెద్దలు చెప్పగా విన్నవారు మన గ్రామములలో నేటికిని కలరు. 1876వ సంవత్సరము తెలుగు లెక్కలో ధాత యగుటచే ఆ కఱవునకు ఆ పేరు నిలిచినది. వానలు కురియలేదు, పంటలు పండలేదు, జనులు చచ్చిరి అని మూడు మాటలలో ఆ కథను ముగించుట వాడుక. మొదటి రెండు మాటలును నిజమే. కాని రెండవ మాటకును మూడవ మాటకును నడుమ జరిగినది చాల కలదు. వాన కురియకపోవుట దైవికము. పంట పోయిన పిమ్మట ఎవరికి ఎన్ని గింజలు, ఏ షరతుపై, ఎవరి చేతిమీదుగా ఈయవలెనని నిర్ణయించుట మనుష్యుల పని. ఆ నిర్ణయమును గూర్చియే ఈ ప్రసంగము.

ఆ యేట నైఋతి ఋతుపవనము తప్పినది. దాని వెంట రావలసిన ఈశాన్య ఋతుపవనమును తప్పినది. చెన్నరాజధానిలోని తెలుగు సీమలలో బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు మిక్కిలి దెబ్బతినినవి. నేటి అనంతపురము ప్రాంతము అప్పుడు బళ్లారి జిల్లాలో చేరియుండెను. అది వేఱు జిల్లా యైనది 1882లో. మొట్టమొదట ఆకలి తగిలినది రైతునకు కాదు. రైతు ఇంట పాతరలో కొంత గింజయో, అమ్ముకొనుటకు ఎడ్లో, కుదువపెట్టుటకు నగయో ఉండును. పొలములో పని ఆగగానే వ్యవసాయపు కూలివానికి ఆ దినపు గ్రాసమే పోయెను. అతని వెంట నేతగాడు. పంట లేని యేట కొత్త బట్ట కొనువారుండరు; మగ్గము ఆగిన నాడే అతని పొయ్యియు ఆగును.

అంగడిలో గింజలు లేవా యన్నచో, ఉన్నవి. చెన్నపట్టణమునుండి కడప, గుత్తి మీదుగా రాయచూరు వరకు రైలుమార్గము 1871 నాటికే పూర్తియై యుండెను. వంగదేశమునుండియు బర్మానుండియు బియ్యము ఓడలలో చెన్నరేవునకు వచ్చి, ఆ రైలులో ఎగువకు పోవుచుండెను. కాని రైలు గింజలను తెచ్చెనే గాని, వానిని కొనుటకు డబ్బును తేలేదు. ధరలు రెండింతలకు మించి పెరిగినవి, కూలి లేనేలేదు. పైగా మేత లేక పశువులు చచ్చుటచే స్టేషనునుండి ఊళ్లకు బండ్లు కదలలేదు. ఎడ్లు లేని ఊరికి బర్మా ఎంత దూరమో, ఇరువది మైళ్ల అవతలనున్న రైలుగట్టును అంతే దూరము.

ఆ కాలముననే ఇంగ్లండునకు గోధుమల ఎగుమతి సాగుచుండెను. 1877-78లో అది సుమారు 3 లక్షల 20 వేల టన్నులు. ఆ గోధుమలు ఉత్తరదేశపువే గాని మన జిల్లాలవి కావు. ఆ మాట చెప్పుట న్యాయము. అయినను ఒకే ప్రభుత్వపు ఏలుబడిలో ఒక మూల ఆకలియు మఱొక మూల ఎగుమతియు ఏకకాలమున సాగినవి.

చెన్నరాజధానికి అప్పటి గవర్నరు డ్యూకు ఆఫ్ బకింగుహాము. ఆయన ప్రభుత్వము కఱవు ముంచుకొని వచ్చుట చూచి, వర్తకులకు తెలియకుండ 30 వేల టన్నుల ధాన్యము కొని నిలువచేయ బూనెను. వైస్రాయి లిట్టను ప్రభువు ప్రభుత్వము దీనిని తప్పుపట్టెను. ప్రభుత్వము బజారులో దిగినచో వర్తకులు భయపడి తాము తేవలసిన ధాన్యమును తేకుందురనియు, ధరల విషయమున జోక్యము కూడదనియు వారి సిద్ధాంతము. 1877 జనవరి 1వ తేదీన ఢిల్లీలో గొప్ప దర్బారు జరిపి విక్టోరియా రాణిని భారతదేశపు చక్రవర్తినిగా ప్రకటించిరి. ఆ నెలలోనే, చెన్నరాజధానిలో కఱవు వ్యయము మితిమీఱుచున్నదని తలచి, దానిని అదుపులో పెట్టుటకు సర్ రిచర్డు టెంపులును పంపిరి.

ఈ టెంపులు కథ వినదగినది. మూడేండ్ల క్రిందట, 1873-74లో, బీహారులో కఱవు వచ్చినప్పుడు ఆయనయే వంగదేశపు అధికారి. బర్మానుండి సుమారు 4 లక్షల 50 వేల టన్నుల బియ్యము తెప్పించి, చావులు దాదాపు లేకుండ కఱవును గట్టెక్కించెను. దానికి ఆయన పొందిన బహుమానము నింద. ఇంత వ్యయము దుబారా యని లండనులోను కలకత్తాలోను విమర్శించిరి. చావులు లేకపోవుటచే కఱవే లేదనిరి. మనుష్యులను బ్రదికించినందుకు మందలింపబడినవాడు, రెండవమారు ఖజానాను బ్రదికించ నిశ్చయించుకొనెను. ఒక మనుష్యుని క్రూరత్వముగా దీనిని తలచుట సులభము. కాని ఏ పనికి మెప్పు, ఏ పనికి మందలింపు అని పైనున్నవారు చూపినదానినే ఆయన నేర్చుకొనెనని నా యభిప్రాయము.

కఱవు పనులలో, అనగా రోడ్లు వేయుట, చెఱువుకట్టలు కట్టుట, కాలువలు త్రవ్వుట మొదలగు పనులలో, చేరిన మగకూలికి దినమునకు ఒక పౌను గింజలకు సరిపడు డబ్బును, ఉప్పుమిరపలకు మఱికొంత చిల్లరయు చాలునని టెంపులు విధించెను. ఒక పౌను అనగా నేటి కొలతలో సుమారు 450 గ్రాములు. ఆడకూలికిని పిల్లలకును ఇంకను తక్కువ. ఎండలో దినమెల్ల మన్ను మోయువానికి ఇదియే ఆహారము.

దీనిని ఎదిరించినవాడు ప్రభుత్వోద్యోగియే. చెన్నరాజధాని ఆరోగ్యశాఖకు కమీషనరు డాక్టరు కార్నిషు. పని చేయువానికి కనీసము ఒకటిన్నర పౌను, అనగా సుమారు 680 గ్రాముల గింజలును, వానితోపాటు పప్పు, కూరగాయలును ఉండవలెనని ఆయన వాదించెను. జైళ్లలో ఖైదీలకు పెట్టు తిండితో పోల్చి కఱవుకూలి ఎంత తక్కువో చూపెను. సంఖ్యలతో వాదించిన ఆ వాదము కొంత ఫలించినది. 1877 మార్చిలో చెన్నప్రభుత్వము గింజలను ఒకటింబావు పౌనుకు పెంచి కొంత పప్పును చేర్చెను. బొంబాయి రాజధానిలో కూలివారే తగ్గించిన కూలికి ఒప్పుకొనక పనులు విడిచిపోయిరి. వారి కష్టములను పూనా సార్వజనిక సభ ప్రభుత్వమునకు వ్రాసి తెలుపుచుండెను.

కూలి యొక్క కొలతకంటెను బాధించినది షరతు. నిజముగ ఆకలిగొన్నవాడే రావలెనని తలచి, పనిని స్వగ్రామమునకు దూరమున పెట్టుటయు, వచ్చినవానిని శిబిరములో ఉంచుటయు పరీక్షగా ఏర్పఱచిరి. ఈ పరీక్ష ఎవరికి? బలముగలవాడు నడచి పోగలడు. ముసలివాడు, చూలాలు, జ్వరపడి లేచినవాడు పోలేరు. అక్కఱ లేనివానిని తొలగించుటకు పెట్టిన గడప మిక్కిలి అక్కఱ గలవానినే తొలగించెను. ఇల్లు విడిచి పోయినవాని ఇంటికప్పు కూలెను, పొలము బీడుపడెను. శిబిరములలో మంచినీరు చాలక కలరా వ్యాపించెను. చెన్నపట్టణమున కూవమునకును అడయారునకును నడుమ కాలువ ఆ దినములలో కఱవుకూలి చేతనే త్రవ్వబడినది. కాకినాడనుండి దక్షిణమునకు పోవు కాలువ యంతయు నేడు బకింగుహాము కాలువ యని ఆ గవర్నరు పేరనే పిలువబడుచున్నది.

1877 ఆగస్టులో చెన్నపట్టణపు పౌరులు సభచేసి ఇంగ్లండు ప్రజలను సహాయము వేడిరి. ఈ పనికి ముందు నిలిచినవారిలో మద్రాసు టైమ్సు సంపాదకుడు విలియం డిగ్బీ ఒకడు. ఆ కఱవు చరిత్రను రెండు సంపుటములుగా 1878లో ప్రకటించినవాడును ఆయనయే. లండను నగరపు మేయరు నిధిని తెఱచెను. లక్షల పౌనులు ప్రోగైనవి. లిట్టను ప్రభువునకు ఇది మొదట రుచింపలేదు. ప్రభుత్వము చేయుచున్న పనిని ఇతరులు వేలెత్తి చూపుటగా దానిని ఆయన తలచెను. ఆ నిధిని ఖర్చుపెట్టిన తీరు నేటికిని గమనింపదగినది. ప్రభుత్వపు కూలి ప్రాణమును మాత్రము నిలుపును. నిధినుండి రైతునకు విత్తనములు, ఎడ్లు, పడిపోయిన ఇంటికప్పు బాగుచేసికొనుటకు డబ్బు ఇచ్చిరి. అనగా కఱవు పోయిన మఱునాడు మనిషి తన కాళ్లపై నిలుచుటకు కావలసిన సరంజామా.

మన సీమలో దానశీలురు లేకపోలేదు. కర్నూలు జిల్లా ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి గారు ఆ శతాబ్దపు కఱవులలో అన్నార్తులకు పెట్టిన అన్నమును రేనాటి ప్రజలు నేటికిని తలచుకొందురు. అట్టి దాతకు షరతు లేదు. ఆకలి యొక్కటే అర్హత. కాని దాత యిల్లు ఎంత పెద్దదైనను జిల్లా యంతటికిని చాలదు. దాత లేని ఊరివారికి ప్రభుత్వమే దిక్కు. కర్నూలు జిల్లా జనసంఖ్య 1871 నాటి లెక్కకంటె 1881 నాటి లెక్కలో సుమారు నాలుగవవంతు తగ్గినది. బ్రిటిషు పాలితప్రాంతములలో ఈ కఱవున చచ్చినవారిని 55 లక్షలని చెప్పుదురు. అంతకు మించి లెక్కించినవారును కలరు.

ఇంత జరిగిన పిమ్మట రిచర్డు స్ట్రేచీ అధ్యక్షతను ఒక కమీషను కూర్చుండి 1880లో నివేదిక ఇచ్చెను. దానినుండి పుట్టినవి కఱవు నిబంధనలు. వానిలో గ్రామాధికారులకు పెద్ద పాత్ర కలదు. ధాన్యపు ధర హఠాత్తుగ పెరుగుట, అప్పు పుట్టకపోవుట, పశువులను నగలను విరివిగ అమ్ముట, జనులు ఊరు విడిచి తిరుగుట, దొంగతనములు హెచ్చుట: ఇవి కఱవునకు ముందుగుఱుతులు. ఇవి కనబడినచో పైకి తెలుపవలెను. తరువాత పరీక్షగా కొన్ని పనులు తెఱచి, జనులు వచ్చినచో కఱవు ప్రకటింపవలెను. పని చేయలేని ముసలివారికి, రోగులకు ఊరకయే సహాయము చేయుటకు గ్రామములో పట్టిక వ్రాయవలెను. మంచి నిబంధనలే. కాని అవి అధికారులకు ప్రభుత్వమిచ్చిన ఉత్తరువులే. ఆకలిగొన్నవాడు తన హక్కని అడుగుటకు వానిలో చోటు లేదు.

ఆ లోటు 1943లో వంగదేశమున బయటపడినది. జపానువారు వత్తురను భయముచే 1942లోనే అచ్చటి తీరప్రాంతపు పడవలను ప్రభుత్వము తొలగించి యుండెను. యుద్ధపు పనివారికై కలకత్తాకు ముందుగ ధాన్యము నడచినది. పల్లెలలో జనులు మలమల మాడుచుండగా కఱవు నిబంధనల ప్రకారము కఱవును ప్రకటింపలేదు. ప్రకటించినచో నిబంధనలలో వ్రాసిన పరిమాణము ప్రకారము గింజలు పెట్టవలసియుండును. అవి తమయొద్ద లేవని అధికారుల సమాధానము. ఓడలకై చేసిన విన్నపములను లండనులోని యుద్ధమంత్రివర్గము పలుమార్లు త్రోసిపుచ్చెను. చచ్చినవారు 15 లక్షలని 1945లో విచారణ సంఘము లెక్కకట్టెను. తరువాతి పరిశోధకులు సుమారు 30 లక్షలనిరి. ఆ యేట దేశములో గింజలు అంతగా తక్కువ కాలేదనియు, కొనుశక్తి పోవుటచే జనులు చచ్చిరనియు అమర్త్యసేను 1981లో ప్రకటించిన గ్రంథమున వాదించెను. దానిపై చర్చ ఇంకను సాగుచున్నది. కాని మన ధాత కఱవునాటి నేతగాని స్థితి ఆ వాదమునకు చక్కగా సరిపడును.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత ఇచ్చు చేయి మారినది; షరతు పోలేదు. 1954లో అమెరికా చేసిన చట్టము క్రింద అచ్చటి గోధుమలు మనకు రూపాయల వెలకే వచ్చుచుండెను. 1965లోను 1966లోను వరుసగ వానలు తప్పగా, 1966లో మనము సుమారు 1 కోటి టన్నుల ధాన్యము దిగుమతి చేసికొంటిమి. అప్పుడు అమెరికా అధ్యక్షుడు జాన్సను ఓడలకు ఒక్కమాఱుగ అనుమతి ఇయ్యక, కొంచెము కొంచెముగ, తన చేతిమీదుగనే విడుదలచేయుచు వచ్చెను. వ్యవసాయ విధానము మార్చుకొనవలెనని ఒక ఒత్తిడి. వియత్నాము యుద్ధమును గూర్చి మన ప్రభుత్వము పలికిన మాటలపై అసంతృప్తి మఱొకటి. ఆ గోధుమలు లక్షలమంది ప్రాణములు నిలిపినవనుటలో సందేహము లేదు. అయినను ఓడ వచ్చునో రాదో యని రేవువైపు చూచుచు ఒక దేశము రెండేండ్లు గడపెను. కొత్త గోధుమ వంగడములను వేగముగ వ్యాపింపజేయుటకు ఆ కాలపు కలవరము కారణములలో ఒకటి.

2013లో జాతీయ ఆహారభద్రతా చట్టము వచ్చినది. దాని క్రింద పట్టికలోనున్న మనిషికి నెలకు 5 కిలోలు, మిక్కిలి పేదలగు అంత్యోదయ కుటుంబమునకు 35 కిలోలు ధాన్యము. 5 కిలోలను దినములకు పంచినచో రోజుకు సుమారు 167 గ్రాములు. టెంపులు పౌనులో మూడవవంతును కొంచెము మించును. దీనిని చూచి తొందరపడరాదు. ఆనాటి పౌను పూర్తి తిండి, అదియు దినమెల్ల మన్ను మోసినందుకు. నేటిది కూలి సంపాదించువానికి తోడు. కాని కూలి లేని యేట ఆ 167 గ్రాములు ఎవనికిని చాలవని మాత్రము తెలిసికొనవలెను. ఈ చట్టములో క్రొత్తగనున్నది గింజల పరిమాణము కాదు, అడుగుటకు గల హక్కు. రావలసిన ధాన్యము రానిచో దానికి బదులు భత్యము రాష్ట్రప్రభుత్వము ఈయవలెనని అందు వ్రాసిరి. చౌకధరల దుకాణముల లెక్కలను ప్రజలు చూచుటకు వీలుగ ఉంచవలెననియు, స్థానిక సంస్థలు, అనగా మన పంచాయతీలు, వానిపై సామాజిక తనిఖీ జరుపవలెననియు కలదు. కఱవు నిబంధనల నాడు ఊరి పట్టికను కరణము వ్రాసి పైకి పంపెడివాడు. అందులో తన పేరున్నదో లేదో ముసలవ్వకు తెలిసెడిది కాదు. నేడు ఆ పట్టికను దుకాణములో అడిగి చదువుటకు ఊరిలో ఎవరికైనను అధికారము కలదు.