మీకు తెలుసా? చలికాలంలో ఒళ్లు చెప్పే నిజాలు, అబద్ధాలు

డిసెంబరు వచ్చిందంటే విజయనగరం జిల్లా చీపురుపల్లి స్టేషన్లో తెల్లవారుజామున విశాఖ వైపు బండి కోసం నిలబడ్డవాళ్లలో సగం మంది మొహాలు కనిపించవు. మంకీ క్యాపులు, తలకు చుట్టిన తువాళ్లు, గడ్డం కింద ముడేసిన మఫ్లర్లు. "సలి సంపేస్తంది బాబూ" అని ఓ పెద్దాయన అంటే, సెలవు మీద ఇంటికొచ్చిన జవాను ముసిముసిగా నవ్వుకుంటాడు. ఆ జవాను చూసొచ్చిన చలి వేరు మరి. అలాగని పెద్దాయన కోతలు కోయడం లేదు. చలికాలంలో మన ఒళ్లు కొన్ని సంగతులు నిజం చెబుతుంది, కొన్ని అబద్ధమాడుతుంది, కొన్నిటి గురించి నోరే విప్పదు. ఏది నమ్మొచ్చో, ఎక్కడ జాగ్రత్త పడాలో చూద్దాం.

16 డిగ్రీలకే వణుకా?

వణుకే. ఒంటి మీద బట్ట లేకుండా, వణక్కుండా, చెమట పట్టకుండా మనిషి ఊరికే కూర్చోగలిగేది 28, 30 డిగ్రీల దగ్గర. మనిషి పుట్టుకతో వేడి దేశపు జీవి. పైగా ఎండాకాలం 40 డిగ్రీల దరిదాపులకు అలవాటు పడ్డ ఒళ్లు, ఆ వేడిని తట్టుకోడానికే కట్టుకున్న ఇళ్లు: గాలాడే కిటికీలు, సందులున్న పెంకులు, కాలు పెడితే జివ్వుమనే గచ్చు. చలిని ఆపేది వీటిలో ఒక్కటీ లేదు.

భారత వాతావరణ శాఖకూ ఈ సంగతి తెలుసు. మైదాన ప్రాంతాల్లో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగితే తప్ప శీతల గాలుల మాట ఎత్తరు. తీరం దగ్గర అంత తక్కువకు దిగడం అరుదు కాబట్టి అక్కడ 15 డిగ్రీలను గీతగా పెట్టుకుని, మామూలు కంటే ఎంత పడిపోయిందో చూస్తారు. కాబట్టి చలికి పేరుపడ్డ లంబసింగి ఫొటోలు చూపించి "మీదీ ఒక చలేనా" అని ఎవరైనా ఎగతాళి చేస్తే నొచ్చుకోనక్కర్లేదు.

చలికాలంలో దాహం సగం మూగది

ఒళ్లు దాచిపెట్టే సంగతుల్లో పెద్దది ఇదే. అమెరికాలోని న్యూ హ్యాంప్‌షైర్ విశ్వవిద్యాలయం వాళ్లు 2004లో ప్రచురించిన పరిశోధనలో, చలిలో ఉన్నప్పుడు దాహం వేయడం 40 శాతం వరకు తగ్గిందని తేలింది. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు కూడా అంతే!

కారణం చిత్రంగా ఉంటుంది. చలి తగలగానే చర్మం కిందున్న సన్న రక్తనాళాలు ముడుచుకుంటాయి, వేడి బయటికి పోకుండా. అక్కడి రక్తమంతా లోపలికి చేరుతుంది. దాంతో మెదడు "నీళ్లు సమృద్ధిగా ఉన్నాయి" అనుకుని దాహాన్ని నొక్కేస్తుంది. కిడ్నీలూ అదే లెక్కన నీళ్లు బయటికి తోసేస్తాయి. చలికి మాటిమాటికీ ఒంటికి వెళ్లాల్సి రావడం అందుకే. అంటే లోపలికి పోయేది తగ్గి, బయటికి వచ్చేది పెరుగుతుందన్నమాట.

ఇది చీపురుపల్లి చుట్టుపక్కల సరిగ్గా కుప్పనూర్పుల రోజుల్లో పడుతుంది. పొడిగాలికి చెమట పట్టినట్టే తెలియదు. పొద్దున్నుంచి కళ్లంలో ఉన్న మనిషి మధ్యాహ్నం దాకా చెంబు ముట్టకపోయినా ఇబ్బంది అనిపించదు. సాయంత్రం తలనొప్పి వస్తే చలిగాలి మీదకు నెట్టేస్తాడు. ఇక ఆడవాళ్ల సంగతి వేరు. పనికో సంతకో వెళ్లినచోట శుభ్రమైన మరుగుదొడ్డి ఉండదని కావాలనే నీళ్లు మానేసేవాళ్లు ఎంతమందో. ఆ దాహానికి మందు డాక్టరు దగ్గర లేదు.

దాహాన్ని నమ్ముకోకుండా మూత్రం రంగు చూసుకోవడం తేలిక. ఎండుగడ్డి రంగైతే ఫర్వాలేదు, పసుపు ముదురుతుంటే నీళ్లు చాలడం లేదు. చన్నీళ్లు గొంతు దిగకపోతే గోరువెచ్చని నీళ్లు, చారు, మజ్జిగ, అంబలి ఏదైనా లెక్కలోకి వస్తుంది. టీ కూడా వస్తుంది, కాకపోతే పది కప్పులు తాగి నీళ్లు తాగానంటే ఎలా? కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ ఉద్దానం పక్కనే ఉంది కనుక కిడ్నీల మాట ఎత్తితే మన జిల్లాల్లో భయం సహజం. అక్కడి జబ్బుకు అసలు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. దాన్ని చలికాలపు దాహంతో ముడిపెట్టకూడదు. గుండె, కిడ్నీ జబ్బులకు నీళ్లు కొలిచి తాగాల్సినవాళ్లు మాత్రం డాక్టరు చెప్పిన కొలతే పాటించాలి.

ఆకలి అబద్ధమాడదు, కాస్త అతి చేస్తుంది

తిన్న తిండి అరిగేటప్పుడే దాని శక్తిలో పదో వంతు దాకా వేడిగా మారుతుంది. చలిలో ఒళ్లు ఏదో ఒకటి నమలమనడంలో అర్థముంది. ఏం నమలాలన్నదే ప్రశ్న. దానికి ఉత్తరాంధ్ర దగ్గర జవాబులు బోలెడు.

తేగలనే తీసుకోండి. భాద్రపదంలో రాలిన తాటిపండ్ల టెంకల్ని ఇసుక కలిసిన మట్టిలో పాతర వేస్తారు. మొలక పైకి రాకముందు కిందికి దిగుతుంది, చలికాలానికి అదే వేలెడు లావున ఊరుతుంది. తవ్వి తీసి, కుండలో తంపట వేసి, కట్టలు కట్టి బస్సుల దగ్గరా రైళ్ల దగ్గరా అమ్ముతారు. పైపొర ఒలిచి, కొసన గోరుతో చీలిస్తే నిలువునా రెండుగా విడుతుంది. మధ్యలో లేత మొలక ఉంటుంది, పిల్లలు ముందు దాని కోసమే కొట్టుకుంటారు. మిగిలిందంతా పిండి, పీచు. ఒక్క తేగ నమలడానికే అంత సేపు పడుతుంది గనక, పొట్లం చిప్స్ మాయమైనంత తేలిగ్గా ఇది మాయం కాదు. బరువు పెరుగుతానని భయపడేవాళ్లకు ఇంతకంటే మంచి చిరుతిండి నాకైతే తోచదు.

ఇక చోడి (రాగి) పిండి వంద గ్రాముల్లో కాల్షియం దాదాపు 340 మిల్లీగ్రాములు. ఆవుపాలలో అదే తూకానికి 120 దగ్గర. పొట్టు తీయని నువ్వుల్లో వెయ్యి మిల్లీగ్రాముల దరిదాపులు. అయితే ఆ పొట్టులోనే ఉండే ఆక్సలేట్లు కాల్షియాన్ని కొంత పట్టి ఉంచుతాయి, మొత్తం ఒంటికి పట్టదు. నాగుల చవితికి పుట్ట దగ్గర పెట్టే చిమ్మిలి నువ్వులూ బెల్లమే. నువ్వుల్లో సగం నూనే ఉంటుంది. చవితి నాడు రెండు ఉండలు ప్రసాదం. డబ్బా నిండా చేసి టీవీ ముందు పెట్టుకుంటే దాన్ని ప్రసాదం అనలేం.

పొద్దుటి ఎండ హాయి, మిట్టమధ్యాహ్నపు ఎండ మందు

చలికాలం పొద్దున్నే అరుగు మీద ఎండ కాగుతూ కూర్చుంటే విటమిన్ డి వచ్చేస్తుందని చాలామంది నమ్మకం. వచ్చేది వెచ్చదనం, మెలకువ. విటమిన్ డి తయారుచేసే కిరణాలు సూర్యుడు కిందుగా ఉన్నప్పుడు గాలి పొరల్లోనే చాలావరకు ఆగిపోతాయి. దీనికి ఏ పరికరమూ అక్కర్లేని పరీక్ష ఒకటుంది: మీ నీడ మీకంటే పొట్టిగా ఉందా? ఉంటే ఆ ఎండ పనికొస్తుంది.

చీపురుపల్లి 18.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏడాదిలో అన్నిటికంటే పొట్టి పగలు, డిసెంబరు 21న, మధ్యాహ్నం ఇక్కడ సూర్యుడు 48 డిగ్రీల ఎత్తుకు వస్తాడు. అయిదున్నర అడుగుల మనిషి నీడ అయిదడుగులకు కాస్త తక్కువ పడుతుంది. అంటే అంతటి చలికాలం నడిమధ్యలో కూడా పదకొండు గంటల నుంచి ఒంటిగంట దాకా మన ఎండ పనిచేస్తూనే ఉంటుంది. ఆ వేళకే అందరం నీడ వెతుక్కుంటాం!

ఇదే రోజు లండన్‌లో సూర్యుడు 15 డిగ్రీలు దాటడు. అదే మనిషి నీడ ఇరవై అడుగులు. పగలు ఎనిమిది గంటలు కూడా ఉండదు; మనకు పదకొండు గంటలు. అందుకే బ్రిటన్ ప్రభుత్వం చలికాలమంతా రోజుకు 10 మైక్రోగ్రాముల విటమిన్ డి వేసుకోమంటుంది. మనలాంటి చామనఛాయ, నలుపు ఒంటివాళ్లయితే ఏడాది పొడుగునా వేసుకునే ఆలోచన చేయమంటుంది. అక్కడ ఉద్యోగం చేసే కొడుకు "ఎందుకో నీరసంగా ఉందమ్మా" అంటే పప్పు పొడి పార్సిలు కట్టడంతో పాటు ఈ సంగతీ అడగండి.

భోగి నాటి తెల్లవారుజాము ఊరికే అంత బద్ధకంగా ఉండదు

పగలు పెరగడం డిసెంబరు 22 నుంచే మొదలవుతుంది గానీ, ఆ పెరిగేదంతా సాయంత్రం వైపే. మన అక్షాంశంలో సూర్యుడు అన్నిటికంటే త్వరగా అస్తమించేది నవంబరు చివర్లో. అన్నిటికంటే ఆలస్యంగా ఉదయించేది జనవరి మధ్యలో, సరిగ్గా సంక్రాంతి రోజుల్లో. భోగి మంటకు పిల్లలు లేవకపోతే తిట్టకండి, పొద్దే లేవలేదు.

నిప్పు దగ్గరికి జరగాలనిపించడం

మంచి ప్రవృత్తే, ఆరుబయట ఉన్నంతవరకు. కుంపటి గదిలోకి వచ్చాకే ప్రమాదం. బాలింత గదిలో కుంపటి పెట్టి, చలిగాలి తగలకూడదని తలుపులూ కిటికీలూ బిగించడం మన ఇళ్లలో ఇంకా ఉంది. బొగ్గులు కాలేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ముందు మత్తు కమ్ముతుంది, నిద్ర అనుకుంటారు. గది వెచ్చబడ్డాక కుంపటి బయట పెట్టేయాలి. పెట్టి ఉంచక తప్పకపోతే తలుపూ కిటికీలూ తీసి ఉంచాలి, మనిషి మెలకువగా ఉండాలి.

కశ్మీరులో ఫిరన్ లోపల కాంగ్రీ అనే నిప్పుల బుట్ట పెట్టుకుంటారు. ఏళ్ల తరబడి ఆ సెగ తగిలిన పొట్ట, తొడల మీద చర్మ క్యాన్సర్ వస్తోందని ఎల్మ్‌స్లీ అనే వైద్యుడు 1866లోనే రాశాడు. మన భోగి మంటల్లో అంత సెగ ఎవరూ కాచుకోరు. కానీ పాత టైర్లు పడేసి ఆ పొగ పీల్చడం మాత్రం ఏ శాస్త్రంలోనూ లేదు.

చలికి కల్లు

ఏజెన్సీ కొండల్లో జీలుగు కల్లు, కింద మైదానంలో ఈత కల్లు. తాగితే ఒళ్లు వెచ్చబడ్డట్టుంటుంది. ముడుచుకున్న రక్తనాళాలు మళ్లీ తెరుచుకుని, లోపలి వేడి చర్మం మీదికి వస్తుంది, అక్కణ్నుంచి గాల్లోకి పోతుంది. వెచ్చగా అనిపిస్తూనే ఒళ్లు చల్లబడుతుంది. తాగి గట్టు మీద పడుకున్నవాడికి చలి తెలియకపోవడమే ముప్పు.

ముక్కు తెరుచుకోదు, తెరుచుకున్నట్టు అనిపిస్తుంది

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం డబ్బులే ఆ తరవాత ఆంధ్రపత్రికకు ఊపిరి పోశాయి. ఇలాంటి బాముల్లో ఉండే మెంథాల్ ముక్కు దిబ్బడను నిజంగా తగ్గించదు. చల్లదనాన్ని పసిగట్టే నాడుల మీద గ్రాహకం ఒకటుంది, మెంథాల్ దాన్ని తట్టి లేపుతుంది. చల్లగాలి లోపలికి పోతున్నట్టు మెదడు నమ్మేస్తుంది. మిరపకాయ వేడిని పసిగట్టే గ్రాహకాన్నీ, ఈ చలి గ్రాహకాన్నీ గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది, ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి. చారులో మిరియాల ఘాటు తట్టేది వేడి గ్రాహకాన్నే. ఆ చారు వేడి ఆవిరితో, నీళ్లతో కొంత నిజమైన మేలూ చేస్తుంది కాబట్టి నా ఓటు చారుకే.

పసిపిల్లలకు మాత్రం కర్పూరం కలిపిన నూనె, బాము జోలికి పోవద్దు. కర్పూరం కడుపులోకి పోతే ఫిట్స్ రావచ్చు.

అన్నట్టు, జలుబు పెరుగు వల్లా అరటిపండు వల్లా రాదు, వైరస్ వల్ల వస్తుంది. ముక్కులో ఉష్ణోగ్రత ఒంటి వేడి కంటే కాస్త తక్కువగా, 33 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు జలుబు వైరస్ బాగా పెరుగుతుందని యేల్ విశ్వవిద్యాలయం వాళ్లు 2015లో చూపించారు. ముక్కూ చెవులూ కప్పుకోమన్న అమ్మమ్మ మాట అలా గెలిచింది.

కొబ్బరినూనె గడ్డకట్టిందంటే

ఇంట్లో ఉష్ణోగ్రత 24 డిగ్రీల కంటే దిగిందని అర్థం. ఆ సీసా మన ఇంటి థర్మామీటరు. నువ్వుల నూనె గడ్డకట్టదు, చలికాలం తలంటుకు అది అనువు. పొగలు కక్కే నీళ్లు పోసుకుంటే చర్మం మీది సహజమైన జిడ్డు కొట్టుకుపోయి దురద మొదలవుతుంది. గోరువెచ్చని నీళ్లు, త్వరగా స్నానం, ఒళ్లు పూర్తిగా ఆరకముందే ఏదో ఒక నూనె. బీపీ ఉన్న పెద్దవాళ్లు తెల్లవారకుండా నెత్తి మీద చన్నీళ్లు గుమ్మరించుకోకపోవడం మంచిది. చలికి బీపీ ఎటూ కొద్దిగా పెరిగే ఉంటుంది.

మునగదీసుకుని పడుకోవడం

ఇది ఒంటి మాట వినాల్సిన సందర్భం. మోకాళ్లు కడుపులోకి తీసుకుంటే గాలి తగిలే చర్మం తగ్గుతుంది, వేడి నిలుస్తుంది. కుక్కపిల్ల తోకలో ముక్కు దూర్చేది కూడా అందుకే. పాదాలు వెచ్చగా ఉంటే నిద్ర త్వరగా పడుతుందని స్విట్జర్లాండ్ పరిశోధకులు 1999లో 'నేచర్' పత్రికలో రాశారు. కాళ్లకు మేజోళ్లు తొడుక్కోండి. తల మీదుగా దుప్పటి లాక్కుని ముసుగుతన్నడం మాత్రం వద్దు, విడిచిన గాలినే మళ్లీ పీలుస్తాం.

అరసవల్లి లెక్క

శ్రీకాకుళం అరసవల్లి సూర్యనారాయణస్వామి పాదాల మీద మార్చి రెండో వారం దగ్గర, మళ్లీ అక్టోబరు మొదట్లో ఉదయకిరణాలు పడతాయని తెలిసిందే. ఈ రెండు తేదీలే ఎందుకు? పొట్టి పగలు వచ్చే డిసెంబరు 21కి అక్టోబరు మొదటివారం ఎంత దూరమో, మార్చి పదో తేదీ దాదాపు అంతే దూరం: అటూ ఇటూ 80 రోజులు. దక్షిణానికి పోతూ సూర్యుడు ఉదయించిన చోటే, తిరిగి వస్తూ మళ్లీ ఉదయిస్తాడు. ఈ రెంటి మధ్యే మన చలికాలమంతా పడుతుంది.

ఆ మధ్యలోనే రథసప్తమి వస్తుంది. జిల్లేడాకులు, రేగుపండ్లు తల మీద పెట్టుకుని స్నానం చేస్తారు. రేగుపండులో విటమిన్ సి మెండు, తినొచ్చు. జిల్లేడు పాలతో మాత్రం జాగ్రత్త. అవి కంట్లో పడితే ఒక్కోసారి నొప్పి కూడా ఉండదు, కొన్ని గంటల తరవాత నల్లగుడ్డు మీది పొర వాచి చూపు మసకబారుతుంది. ఆకు కోసిన చేతులు ముందు కడుక్కోవాలి. పాలు కంట్లో పడితే పావుగంట పాటు ధారగా నీళ్లు పోసి, నొప్పి లేకపోయినా అదే రోజు కంటి డాక్టరుకు చూపించాలి.