తొలిసారి రక్తదానం చేయబోతున్నారా?

మిరప కోతల రోజుల్లో ఒక రాత్రి మా మద్రసా విద్యార్థి తండ్రి నా తలుపు తట్టారు. ప్రసవానంతరం ఆయన భార్యకు తీవ్ర రక్తస్రావమైంది. "మౌల్వీ సాబ్, రక్తం కావాలంటున్నారు. ఇవ్వటం ధర్మసమ్మతమేనా?" అని అడిగారు. అది నేను నిత్యం బోధించే మసలా. ఆధారాలతో సహా వివరించాను. ఆయన తల ఊపి, "అయితే మీరూ వస్తారా?" అన్నారు. యాభై దాటినా నేను అంతవరకు రక్తమిచ్చి ఎరుగను. గుంటూరు చేరేవరకు నన్ను వేధించింది మసలా కాదు, సూది భయం! అల్లాహ్ దయతో ఆ సోదరి కోలుకున్నది. ఆ రాత్రి నాకు తెలియని సంగతులే ఇప్పుడు మీతో పంచుకుంటున్నాను.

ముందుగా ధర్మం మాట. రక్తాన్ని భుజించటాన్ని దివ్య ఖుర్‌ఆన్ నిషేధించింది. అయితే గత్యంతరం లేనివారికి అక్కడే మినహాయింపునూ ఇచ్చింది. తల్లిపాలు శరీర భాగమైనా శిశువు కోసం ఇవ్వటం సమ్మతమైనట్లే, ప్రాణావసరానికి రక్తమివ్వటమూ సమ్మతమేనని ముఫ్తీ ముహమ్మద్ షఫీ (రహ్మ) వంటి ధర్మవేత్తలు వివరించారు. రక్తాన్ని అమ్ముకోవటం మాత్రం నిషిద్ధం. మన దేశంలోనూ సుప్రీంకోర్టు 1996 నాటి తీర్పు ఫలితంగా 1998 జనవరి 1 నుండి రక్తం అమ్మకం నిషేధించబడింది. ఒక ప్రాణాన్ని కాపాడటం సమస్త మానవాళిని కాపాడటంతో సమానమని అల్‌మాయిదా సూరా 32వ ఆయతు బోధిస్తున్నది. కనుక రోగి మతమేమిటని మనం అడగనవసరం లేదు.

ఇక అర్హతలు. తొలిసారి ఇచ్చేవారికి 18 నుండి 60 ఏళ్ల లోపు వయసు, కనీసం 45 కిలోల బరువు, 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ ఉండాలి. పురుషులు 90 రోజులకు, స్త్రీలు 120 రోజులకు ఒకసారి ఇవ్వవచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఇవ్వరాదు. పత్తి, మిరప చేలల్లో కూలికి వెళ్లే మన సోదరీమణుల్లో రక్తహీనత ఎక్కువ. పరీక్షలో హిమోగ్లోబిన్ తక్కువని తేలి వెనుదిరిగితే చిన్నబోవద్దు. మీకే చికిత్స అవసరమని ఆ పరీక్ష చెప్పింది, అదీ మేలే.

ముందు రాత్రి బాగా నిద్రించండి. ఖాళీ కడుపుతో వెళ్లకండి; నీళ్లు బాగా త్రాగండి. తీసుకునేది 350 లేదా 450 మిల్లీలీటర్లు మాత్రమే; పది నిమిషాల్లో పూర్తవుతుంది. రక్తమిస్తే రోజా భంగం కాదని హనఫీ ధర్మవేత్తలు చెబుతారు. కాని నీరసం తెచ్చుకోవటం మక్రూహ్ కనుక రమజానులో ఇఫ్తార్ తరువాత ఇవ్వటం ఉత్తమం. రక్తం బయటికి ప్రవహించింది కాబట్టి నమాజుకు మళ్లీ వుజూ చేయాలి.

అక్కడ ఒక పత్రంలో ప్రశ్నలుంటాయి. కామెర్లు, ఇటీవలి జ్వరం, వాడుతున్న మందులు, పచ్చబొట్టు, ఇతర వ్యక్తిగత విషయాలు ఏవీ దాచకండి. సేకరించిన రక్తాన్ని హెచ్.ఐ.వి., హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియాలకు పరీక్షిస్తారు. అయినా కొత్తగా సోకిన వ్యాధి పరీక్షకు అందకపోవచ్చు. కనుక నలుగురి ముందు సిగ్గుపడి అబద్ధమాడితే ఆ మూల్యం రోగి చెల్లిస్తాడు. ఇది అమానతు.

ఇచ్చాక పదిహేను నిమిషాలు విశ్రమించి ఏదైనా తిని, త్రాగి లేవండి. కళ్లు తిరిగితే వెంటనే పడుకొని కాళ్లు ఎత్తులో ఉంచండి. ఆ రోజు మిరప బస్తాలు మోయటం, ఎండలో మందు కొట్టడం వద్దు. కోల్పోయిన ద్రవం ఒకటి రెండు రోజుల్లో, ఎర్రకణాలు కొన్ని వారాల్లో తిరిగి సమకూరుతాయి. ఆకుకూరలు, పప్పులు, మాంసం ఇందుకు తోడ్పడతాయి.

ఎర్రకణాలు ఆరు వారాలకు, ప్లేట్‌లెట్లు అయిదు రోజులకు మించి నిలువ ఉండవు. అందుకే ఎవరో తలుపు తట్టేదాకా ఆగవద్దు. తలసీమియా బాధిత చిన్నారులకు రెండు నుండి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. వారి తల్లిదండ్రులు ఎన్ని తలుపులని తడతారు? ఆ రాత్రి నా మసలా జవాబు సరైనదే. కాని ఆ సోదరికి అవసరమైనది జవాబు కాదు, రక్తం.