సెల్లుల కంపెనీ కార్లు చేసింది

తిరుపతిలో బస్సెక్కి తిరుమల కొండకు ఈమధ్య వెళ్ళారా? వెళ్ళినవాళ్ళు ఒక సంగతి గమనించే వుంటారు. కొన్ని బస్సులు ఘాటు రోడ్డు ఎక్కుతున్నా ఇంజను రొద వినపడదు. వెనక పొగ రాదు. అవి కరెంటు బస్సులు. 2022లో ఆ దారిలో తిరగడం మొదలుపెట్టాయి.

డీజిలు చుక్క లేకుండా అంత బరువు కొండ ఎలా ఎక్కుతుంది? బ్యాటరీతో ఎక్కుతుంది. మన ఫోనులో వుండేదీ బ్యాటరీయే. బస్సులో వుండేదీ అలాంటిదే. కాకపోతే చాలా పెద్దది.

ఆ బస్సులు తయారుచేసింది హైదరాబాదులోని ఒలెక్ట్రా కంపెనీ. బస్సు చేసే పద్ధతిని ఆ కంపెనీ చైనా దేశపు కంపెనీతో పొత్తు పెట్టుకుని తెచ్చుకుంది. ఆ చైనా కంపెనీ పేరు బి.వై.డి. ముప్పై ఏళ్ళ కిందట అది ఇరవై మందితో మొదలైంది. అప్పుడు దానికి కార్లూ లేవు, బస్సులూ లేవు. ఫోన్లలో పెట్టే చిన్న చిన్న బ్యాటరీలు చేసేది. 2025లో చూస్తే, ప్రపంచంలో బ్యాటరీ కార్లు అందరికన్నా ఎక్కువ అమ్మింది అదే. ఇంత దూరం ఎలా వచ్చింది?

అన్న, అక్కలు సాకిన పిల్లవాడు

కంపెనీ పెట్టినాయన పేరు వాంగ్ చువాన్‌ఫు. 1966లో పుట్టాడు. చైనాలో అన్హుయి అనే రాష్ట్రం వుంది. అక్కడ పల్లెలో పేద ఇల్లు. బడిలో చదివే రోజుల్లోనే తండ్రి పోయాడు, తల్లీ పోయింది. అన్న, అక్కలు సాకారు. పిల్లవాడి చదువు మాత్రం మాన్పించలేదు. ఇంట్లో తిండికే కటకటగా వున్నప్పుడు ఒకరిని చదివించడం ఎంత కష్టమో మనకు వేరే చెప్పాలా?

ఆయన పట్నం వెళ్ళి లోహాల గురించి, రసాయనాల గురించి చదివాడు. సర్కారు పరిశోధన సంస్థలో ఉద్యోగం వచ్చింది. అక్కడ బ్యాటరీల మీదే పని. 1995లో ఆ ఉద్యోగం వదిలేశాడు. అప్పటికి 29 ఏళ్ళు. దగ్గరి బంధువు దగ్గర డబ్బు తీసుకుని, షెన్‌జెన్ అనే పట్నంలో కంపెనీ పెట్టాడు.

బ్యాటరీలో ఏముంటుంది?

టార్చిలైటులో వేసే సెల్లు అయిపోతే పారేస్తాం. ఫోను బ్యాటరీ అయిపోతే పారేయం. కరెంటు పెట్టి మళ్ళీ నింపుతాం. తేడా ఎక్కడుంది?

ఫోను బ్యాటరీ లోపల రెండు పలచని రేకులుంటాయి. వాటిమీద మందు పూసి వుంటుంది. మధ్యలో ఒక ద్రవం వుంటుంది. లిథియం అనే లోహపు రేణువులు ఆ ద్రవంలో అటూ ఇటూ తిరుగుతాయి. కరెంటు పెట్టినప్పుడు ఒక రేకు దగ్గరకు చేరతాయి. ఫోను వాడుతుంటే మళ్ళీ మొదటి రేకు దగ్గరకు వెళ్ళిపోతాయి. ఇలా వందలసార్లు తిరగగలవు. కారులోనూ ఇదే పని జరుగుతుంది. అక్కడ ఆ శక్తి మోటారును తిప్పుతుంది. మోటారు చక్రాన్ని తిప్పుతుంది.

బండిని నింపే కరెంటు ఎక్కడిది అని అడగాలి మరి. మన దేశంలో ఇప్పటికీ ఎక్కువ కరెంటు బొగ్గు మండిస్తేనే వస్తోంది. కాబట్టి పొగ మొత్తం పోలేదు. బస్టాండులో నిలబడ్డ మన ముక్కుకు తగలడం తగ్గింది. అదీ చిన్న మేలేమీ కాదు.

యంత్రం బదులు చేతులు

ఆ రోజుల్లో ఇలాంటి బ్యాటరీలు ఎక్కువగా జపాను కంపెనీలే చేసేవి. వాళ్ళ ఫ్యాక్టరీల్లో పెద్ద పెద్ద యంత్రాలుండేవి. ఆ యంత్రాలు కొనడానికి వాంగ్ దగ్గర డబ్బు లేదు.

అప్పుడాయన ఏం చేశాడు? యంత్రం చేసే పనిని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టాడు. అప్పడాలు చేసే చోట చూడండి. ఒకరు పిండి కలుపుతారు. ఒకరు ఉండలు చేస్తారు. ఒకరు ఒత్తుతారు, ఒకరు ఆరేస్తారు. అక్కడా అంతే. ఒక్కొక్క పనికి ఒక్కొక్క మనిషిని కూర్చోబెట్టాడు. చెయ్యి తప్పకుండా వుండేందుకు చిన్న చిన్న పనిముట్లు చేయించాడు.

బ్యాటరీ చేసే గదిలో దుమ్ము, తేమ వుండకూడదు. అలాంటి గది కట్టాలంటే చాలా ఖర్చు. ఈ కంపెనీ గది మొత్తం కట్టే బదులు మూసి వున్న పెట్టెలు చేయించింది. పెట్టెకు చేతి తొడుగులు బిగించి వుంటాయి. పనివాళ్ళు బయట కూర్చుని, తొడుగుల్లో చేతులు పెట్టి, పెట్టె లోపల పని చేస్తారు.

దాంతో బ్యాటరీ చవకైంది. మోటరోలా, నోకియా వంటి పెద్ద ఫోను కంపెనీలు దగ్గరికొచ్చి కొన్నాయి. దీన్ని తెలివి అనాలా, చవక కూలి అనాలా? నన్నడిగితే రెండూ అంటాను. పల్లెల నుంచి వచ్చిన వేల మంది చేతులు లేకపోతే ఆ తెలివి ఒక్కటే ఏం చేస్తుంది?

కార్ల వైపు

2003లో వాంగ్ ఒక పని చేశాడు. నష్టాల్లో వున్న చిన్న కార్ల కంపెనీని కొన్నాడు. కంపెనీలో డబ్బు పెట్టినవాళ్ళు మండిపడ్డారు. "ఫోను బ్యాటరీలు చేసేవాడికి కార్లెందుకు?" అన్నారు. షేర్ల ధర పడిపోయింది.

ఆయన లెక్క వేరు. కరెంటు కారులో అన్నిటికన్నా ఎక్కువ ఖరీదైంది బ్యాటరీ. అది సొంతంగా చేసుకునేవాడికి కారు చవకలో పడుతుంది. పాడి వున్న ఇంట్లో పెరుగు కొనుక్కోరు కదా!

మొదట్లో చేసినవి పెట్రోలు కార్లే. 2005లో వచ్చిన కారును చూసి, ఇది జపానువాళ్ళ టయోటా కరోలా లాగే వుందే అని జనం అన్నారు. అన్న మాటలో నిజం వుంది. 2008 చివర్లో పెట్రోలుతోనూ, బ్యాటరీతోనూ నడిచే కారు వచ్చింది. ఆ ఏడే అమెరికా ధనవంతుడు వారెన్ బఫెట్ కంపెనీ సుమారు 23 కోట్ల డాలర్లు పెట్టి ఇందులో పదో వంతు వాటా కొంది.

బ్యాటరీ ద్రవం ఎంత శుభ్రమైనదో చూపించడానికి వాంగ్ దాన్ని గ్లాసులో పోసుకుని తాగాడని 2009లో ఒక అమెరికా పత్రిక రాసింది. ఆయన తాగితే తాగాడు. బ్యాటరీ ద్రవం విషం. పాత ఫోను బ్యాటరీలు పిల్లల చేతికి ఇవ్వకండి, పొయ్యిలో వేయకండి.

మంట

2012లో షెన్‌జెన్‌లో ఘోరం జరిగింది. తాగి కారు నడుపుతున్న ఒకడు వేగంగా వచ్చి ఈ కంపెనీ టాక్సీని గుద్దాడు. టాక్సీ మంటల్లో కాలిపోయింది. ముగ్గురు చనిపోయారు. తప్పు తాగినవాడిదే. అయినా కరెంటు కారు ఎక్కాలంటే జనానికి భయం పట్టుకుంది.

బ్యాటరీ బాగా వేడెక్కితే మంట అంటుకోవచ్చు. ఇది నిజం. 2020లో కంపెనీ కొత్త రకం బ్యాటరీ తెచ్చింది. కత్తి రేకులాగా పొడుగ్గా, పలచగా వుంటుంది. ఇనుము, భాస్వరం కలిసిన మందు వాడారు. ఆ మందు తొందరగా మండదు. బ్యాటరీలోకి మేకు దించి చూపించారు. మంట రాలేదు. అది కంపెనీ తానే చేసి చూపించిన పరీక్ష, ఆ మాటా గుర్తుంచుకోవాలి.

పదింతలు

చైనా సర్కారు చాలా ఏళ్ళు కరెంటు బండ్లకు సబ్సిడీ ఇచ్చింది. షెన్‌జెన్ పట్నంలో 2017 చివరికి 16 వేలకు పైగా సిటీ బస్సులన్నీ కరెంటువే అయ్యాయి. వాటిలో ఎక్కువ ఈ కంపెనీవే. 2019లో సబ్సిడీ తగ్గింది. కంపెనీ లాభమూ బాగా పడిపోయింది.

ఆ తర్వాత లెక్క చూడండి. 2020లో అమ్మిన బండ్లు సుమారు 4 లక్షల 27 వేలు. 2024లో సుమారు 42 లక్షల 70 వేలు. నాలుగేళ్ళలో పదింతలు! 2022 మార్చి నుంచి పెట్రోలు ఒక్కదానితోనే నడిచే కార్లు చేయడం మానేసింది. అయితే 2024లో అమ్మినవాటిలో సగానికి పైగా బండ్లకు బ్యాటరీతో పాటు పెట్రోలు ఇంజను కూడా వుంది.

2023లో హైదరాబాదు మేఘా సంస్థతో కలిసి మన దేశంలో కార్లు చేస్తామని ఈ కంపెనీ అడిగింది. భారత ప్రభుత్వం ఒప్పుకోలేదు.

బ్రెజిల్ దేశంలో మాత్రం ఫ్యాక్టరీ కట్టడం మొదలైంది. 2024 డిసెంబరులో అక్కడి కార్మిక శాఖ అధికారులు తనిఖీకి వెళ్ళారు. చైనా నుంచి వచ్చిన 163 మంది కూలీలను విడిపించారు. వీళ్ళను పనిలో పెట్టింది ఒక కాంట్రాక్టరు. కూలీల పాస్‌పోర్టులు తీసేసుకున్నారని, వెట్టి లాంటి పని చేయించారని అధికారులు చెప్పారు. కొన్ని మంచాల మీద పరుపులు లేవు. ఒక బసలో 31 మందికి ఒకటే మరుగుదొడ్డి. ఆ కాంట్రాక్టరు ఆ మాట కాదన్నాడు. బి.వై.డి. అతనితో ఒప్పందం రద్దు చేసుకుంది. అధికారులు అంతటితో వదలలేదు. 2025లో కంపెనీ మీద, కాంట్రాక్టర్ల మీద కోర్టులో కేసు వేశారు. ఆ ఏడే ఆ ఫ్యాక్టరీ నుంచి కార్లు బయటికి రావడం మొదలైంది.