పికప్పు బండ్లలో విడి ఫిల్టరు ఆయిలుగొట్టములు కారుట – మరమ్మతు విధానము

మన సభ్యులలో పలువురు కూరగాయల గంపలను, ధాన్యపు బస్తాలను యార్డునకు చేర్చుటకు పికప్పు బండ్లనే నమ్ముకొని యున్నారు. ఎద్దుబండి ఇరుసునకు కందెన తక్కువైనచో అది కీచుమని మొఱపెట్టి బండివానిని హెచ్చరించును. ఇంజను అట్లు ముందుగా మొఱపెట్టదు. ఆయిలు తగ్గినకొలది లోలోపల అరిగి, ఒకనాడు సరకుతో సహా నడిరోడ్డుపై బిగుసుకొనిపోవును. ఆయిలు తగ్గుటకు గల కారణములలో గొట్టములు కారుట యొకటి. దానిని గుర్తించు విధమును, బాగుచేయు విధమును ఇచట వివరింప దలచితిమి.

ఏర్పాటు ఎట్టిది?

ఇంజను అడుగుననున్న చాంబరులోని ఆయిలును పంపు పైకి లాగి, ఫిల్టరులో వడగట్టి, బేరింగులకు పంపును. పెక్కు బండ్లకు ఫిల్టరు ఇంజనుకే బిగింపబడి యుండును. కొన్నింటికి అచట చోటు చాలదు. అమెరికాలో 1990లలో తయారైన, నాలుగు చక్రములును లాగెడి షెవ్రొలే ఎస్-10 పికప్పులలో 4.3 లీటర్ల వి-6 ఇంజను చెంత ముందు ఇరుసు భాగములు అడ్డువచ్చుటచే, ఫిల్టరును బండి ముందువైపున విడిగా నిలిపి రెండు గొట్టములతో ఇంజనుకు కలిపిరి. ఆయిలు కూలరు విడిగానున్న కొన్ని ఇంజనులకును ఇట్టి గొట్టములే యుండును గనుక ఈ వివరము వానికిని వర్తించును.

ఒక గొట్టము ఆయిలును ఫిల్టరునకు కొనిపోవును. రెండవది వడగట్టిన ఆయిలును తిరిగి తెచ్చును. బండి వేగముగ పోవునపుడు సాధారణముగ చదరపు అంగుళమునకు 40 మొదలు 60 పౌనుల వరకు ఒత్తిడి వీనిలో నుండును; చలివేళ ఇంజను స్టార్టు చేసిన వెంటనే ఇంకను హెచ్చుగ నుండవచ్చును. బేరింగులకు పోవలసిన ఆయిలంతయు ఈ దారినే పోవును గాన, గొట్టము పగిలినచో చాంబరు ఒకటి రెండు నిముషములలోనే ఖాళీ కావచ్చును. పొగగొట్టముపై ఆయిలు పడినచో నిప్పంటుకొను భయము గలదు. వరిగడ్డి తోలు బండికి ఇది మఱింత ప్రమాదకరము.

కారుటకు కారణములు

ఇంజను రబ్బరు దిమ్మలపై కూర్చుండి ఎల్లప్పుడు అదరుచుండును. ఫిల్టరు ఛాసిస్‌కు బిగింపబడి కదలకుండును. ఈ రెంటి నడుమ నున్న గొట్టము నిత్యము వంగుచు లేచుచుండును. వేడికి రబ్బరు గట్టిపడి పగుళ్లు తీయును. రబ్బరుగొట్టమును ఇనుపగొట్టమును కలిపి నొక్కిన పట్టీ యొద్దనే తరచుగ చెమ్మ మొదలగును. గొట్టము ఛాసిస్‌కు రాచుకొనుట, చివరల ఓ-రింగులు చదునగుట మఱి రెండు కారణములు. ఫిల్టరు మార్చునపుడు పాత ఫిల్టరు రబ్బరు వాషరు అచటనే అంటుకొనియుండగా క్రొత్తది బిగించినచో రెండు వాషరులు ఒకదానిపై నొకటి పడి ఆయిలు ధారగ కారును. గొట్టమును నిందించుటకు ముందు దీనిని చూడవలెను.

కారుచోటు కనుగొను విధము

క్రింద చుక్క పడిన చోటనే లోపమున్నదని తలంపరాదు. ఆయిలు క్రిందికి జారును. బండి పోవునపుడు గాలికి వెనుకకు కొట్టుకొనిపోవును. కావున తడిసినచోట్లలో అన్నిటికంటె పైనను, ముందునను ఉన్నదే మూలస్థానమని మొదట అనుమానింపవలెను. ఇంజను చల్లారిన పిదప గొట్టములను, వాని చివరలను కిరసనాయిలు గుడ్డతో తుడిచి, పొడిగ ఆరనిచ్చి, ముఖమునకు రాయు పౌడరు పలుచగ చల్లుడు. పిదప ఇంజనును నెమ్మదిగ నడుపుచు టార్చిదీపముతో చూచినచో పౌడరుపై తడిగీత ఎచట మొదలగునో తెలియును. వేడి గొట్టమును చేతితో తడవరాదు. అగ్గిపుల్ల వెలుగున అసలే చూడరాదు.

చేయరాని పనులు

కారు పట్టీపై క్లిప్పు బిగించుట, ఎంసీలు పూయుట, గుడ్డ చుట్టుట మరమ్మతులు కావు. అవి చుక్కను కొన్నాళ్లు దాచును, అంతియే. రేడియేటరు నీటిగొట్టమును ముక్కగ కోసి అతికించుట మఱియు చెడ్డది. నీటికై చేసిన రబ్బరు ఆయిలుకు ఉబ్బి మెత్తబడును. గోటితో పోవుదానికి గొడ్డలి తెచ్చుకొనుట యన్న నిదియే: గొట్టము ఖర్చుకు వెనుదీసినవాడు క్రాంకుషాఫ్టు ఖర్చును భరింపవలసి వచ్చును.

సరియైన మరమ్మతు

కంపెనీ గొట్టముల జత దొరకినచో అదియే శ్రేష్ఠము. దొరకనిచో పాత గొట్టమును పట్టణములో హైడ్రాలిక్ హోసులు ప్రెస్సు చేయు దుకాణమునకు కొనిపోయి, అదే పొడవు, అదే లోపలి వెడల్పు, అవే చివరలు గల దానిని చేయింపవచ్చును. అచట ఒక మాట తప్పక అడుగవలెను. సాధారణ హైడ్రాలిక్ హోసు 100 డిగ్రీల సెంటిగ్రేడు వేడికే తగినది. బరువుతో ఘాటురోడ్డు ఎక్కు ఇంజనులో ఆయిలు అంతకు మించి కాగును. కావున వేడి ఇంజను ఆయిలుకు తగినదియు, 150 డిగ్రీల వరకు ఓర్చునదియు నగు హోసునే కోరవలెను.

పని ఆరంభించుటకు ముందు ఇంజనును చల్లారనిచ్చి, చక్రములకు రాళ్లు అడ్డుపెట్టుడు. జాకీ నొక్కదానిని నమ్మి బండి క్రింద దూరరాదు. క్రింద వెడల్పైన పళ్లెము నుంచి, విప్పుచోట్లను శుభ్రముగ తుడువుడు. ఇసుక రేణువొకటి లోనికి పోయినను బేరింగును గీయును. ఏ గొట్టము ఎచటిదో విప్పకమునుపే సున్నముతోనో రంగుతోనో గుర్తు పెట్టుడు. ఫిల్టరులో ఆయిలును ఒకే దిశకు పోనిచ్చు కవాటము గల దగుటచే, గొట్టములు తారుమారైనచో దారి మూసికొని ఇంజనుకు ఆయిలు అందకపోవచ్చును.

విప్పునపుడు రెండు స్పానరులు వాడవలెను: ఒకటి అడుగు భాగమును కదలకుండ పట్టుటకు, రెండవది నట్టును త్రిప్పుటకు. లేనిచో ఇనుపగొట్టము మెలిపడును. పాత ఓ-రింగులను మరల వాడరాదు. క్రొత్తవానికి ఆయిలు రాచి, నట్టులను మొదట చేతితోనే ఎక్కింపుడు. మర తప్పి ఎక్కినచో అల్యూమినియపు భాగము చెడును. బిగింపు కంపెనీ పుస్తకములో చెప్పిన మేరకే యుండవలెను. గొట్టము మెలిపడకుండ, పొగగొట్టమునకును స్టీరింగునకును దూరముగ, ఇంజను అదరుటకు కొంత వదులుగ నుండునట్లు అమర్చుడు.

తరువాతి పరీక్ష

ఆయిలు పోసి ఇంజను స్టార్టు చేసి, వేగము పెంచక నెమ్మదిగ నడువనిండు. గొట్టములు నిండువరకు ఆయిలు దీపము కొన్ని సెకండ్లు వెలుగుట సహజము. పది సెకండ్లు గడచినను ఆరనియెడల వెంటనే ఆపి కారణము వెదకవలెను. ఆరినచో అన్ని అతుకులను చూచి, ఇంజనును ఆపి, అయిదు నిముషములు ఆగి గేజీ పుల్ల చూడుడు. గొట్టములు నిండుటచే మట్టము తగ్గియుండును, లోటు నింపవలెను. 100 కిలోమీటర్లు తిరిగిన పిమ్మట మరియొకసారి చూచుట మంచిది.

తీసిన ఆయిలును కాలువలోగాని పొలముగట్టునగాని పోయరాదు. డబ్బాలో పట్టి, అనుమతిగల కొనుగోలుదారునకే ఇయ్యవలెను.

సభ్యులకు మనవి

ఒకే రకము బండ్లు గల సభ్యులు కలసి ఒక గొట్టముల జతను, కొన్ని ఓ-రింగులను సంఘపు గిడ్డంగిలో ఉంచుకొన్నచో కోతల దినములలో పట్టణమునకు పరుగెత్తు పని తప్పును. అంతకంటె సులభమైన దొకటి గలదు: ప్రతి ఉదయము బండి కదలక మునుపు గేజీ పుల్ల చూచి, బండి నిలిచిన నేలపై ఒకసారి చూపు సారించుట. దారిలో ఆయిలు దీపము వెలిగినచో, ఊరు ఫర్లాంగు దూరముననే యున్నను, బండిని ప్రక్కకు తీసి ఆ క్షణమే ఇంజనును ఆపుడు. ఆ ఫర్లాంగు బండిని త్రోసికొనిపోవుటయే మేలు.