మీకు తెలుసా?

పడమటి కనుమల పాదాన ఉన్న రాజపాళయంలో రాజు సామాజిక వర్గం వారి ఇళ్లలో నేటికీ తెలుగే మాట్లాడతారు. విజయనగర కాలం నుంచి వచ్చిన మాట అది. ఒకప్పటి మద్రాసు ముఖ్యమంత్రి పి.ఎస్. కుమారస్వామి రాజాది ఈ ఊరే. ఇక్కడి నుంచి ఆగ్నేయంగా వెళితే తూత్తుకుడి తీరం, మన్నారు సింధుశాఖ, ఆవల శ్రీలంక.

మత్తు పదార్థాలపై పోరుకు విదేశీ సైనిక సాయం అంటే 2000లో అమెరికా కొలంబియాకు ఇచ్చిన సాయమే చాలామందికి గుర్తొస్తుంది. కానీ మన పక్కనే ఉన్న ఈ శ్రీలంకకు సముద్రం మీద అలాంటి సాయం మన దేశమూ చేస్తోంది! మన తీర రక్షక దళ నౌక ‘వరుణ’ 2017లో శ్రీలంకకు చేరి ‘సురక్ష’ అయింది. 2022 ఆగస్టు 15న ఒక డార్నియర్ నిఘా విమానమూ వెళ్లింది.

2024 నవంబరులో శ్రీలంక నౌకాదళం ఇచ్చిన సమాచారంతో మన నౌకాదళం అరేబియా సముద్రంలో గాలించింది. శ్రీలంక జెండా ఉన్న రెండు చేపల పడవల్లో దాదాపు 500 కిలోల క్రిస్టల్ మెత్ అనే మత్తు పదార్థం దొరికింది. పడవలను, మనుషులను, సరుకును ఆ దేశానికే అప్పగించారు. ఇలాంటి సాయం నాకు ఎంతో విలువైనదిగా కనిపిస్తుంది: ఆ సరుకు గట్టుకు చేరి ఉంటే నష్టపోయేది ఏ ఒడ్డునైనా పేద ఇళ్ల పిల్లలే.