చిన్న టార్చి (నగల తయారీ, గాజు పని)

చిన్న టార్చి అనేది ఇంధన వాయువును గాలితో గాని, ఆక్సిజనుతో గాని కలిపి మండించి, సన్నని, తీవ్రమైన మంటను ఒకే చోట కేంద్రీకరించే పనిముట్టు. కంసాలులు నగలను అతకడానికి, కొద్దిపాటి లోహాన్ని కరిగించడానికి దీనిని వాడుతారు. గాజు పనివారు గాజు కడ్డీలను మెత్తపరచి పూసలు, చిన్న బొమ్మలు చేయడానికి వాడుతారు. నగల పనికి చేతిలో పట్టుకొనే టార్చి, గాజు పనికి బల్లకు బిగించే టార్చి అనువైనవి. టార్చిని ఎన్నుకొనేటప్పుడు మంట ఉష్ణోగ్రత ఒక్కటే చూస్తే చాలదు. ఆ మంట వస్తువుకు ఎంత ఉష్ణాన్ని, ఎంత త్వరగా అందించగలదో కూడా చూడవలెను.

చరిత్ర

టార్చికి పూర్వరూపం నోటితో ఊదే ఊదుగొట్టం. కంసాలి కుంపటిలోని బొగ్గు నిప్పుపైకి గాని, నూనెదీపపు మంటపైకి గాని ఊదుగొట్టంతో గాలిని ఊది, అతుకు ఉన్న చోటనే వేడి తగిలేటట్లు చేసేవాడు. బుగ్గలలో గాలి నింపుకొని, ముక్కుతో శ్వాస తీసుకొంటూనే ఎడతెగకుండా ఊదడం ఈ పనిలోని నేర్పు. ఇదే పనిముట్టును 18, 19 శతాబ్దాలలో రసాయన శాస్త్రజ్ఞులు ఖనిజాలను పరీక్షించడానికి వాడారు. స్వీడన్ శాస్త్రవేత్త బెర్జీలియస్ 1820లో దీనిపై ఒక గ్రంథం వెలువరించాడు. అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ హేర్ 1801లో ఆక్సిజన్, హైడ్రోజన్ వాయువులతో మండే ఊదుగొట్టాన్ని రూపొందించాడు. ఆక్సిజన్‌తో మండే ఎసిటిలీన్ అత్యధిక ఉష్ణోగ్రతనిస్తుందని ఫ్రెంచి శాస్త్రవేత్త లె షాటెలియే 1895లో తెలియజేశాడు.

ఇటలీలోని మురానోలో కాలితిత్తితో గాలి కొడుతూ నూనెదీపపు మంటపై గాజు పూసలు చేసేవారు. అందువలన టార్చిపై చేసే గాజు పనికి నేటికీ 'దీపపు పని' అనే పేరు వాడుకలో ఉంది. అయితే గాజు పూసలన్నీ దీపపు పనితో చేసినవి కావు. తిరుపతి జిల్లాలోని పాపానాయుడుపేటలో సంప్రదాయ పద్ధతిలో కొలిమినుండి పొడవైన గాజు గొట్టాన్ని లాగి, దానిని ముక్కలుగా తరిగి పూసలు చేసేవారు. ఉత్తర ప్రదేశ్‌లోని ఫిరోజాబాదులో మట్టిగాజులను కూడా కొలిమి గాజుతోనే చేస్తారు. అక్కడ గాజుల కొసలను కలిపే పని మాత్రం చిన్న మంటపై జరుగుతుంది.

ఉష్ణోగ్రత, ఉష్ణరాశి

కొవ్వొత్తి మంటలో అత్యంత వేడి భాగం సుమారు 1400 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. వెండి 962 డిగ్రీల వద్ద, బంగారం 1064 డిగ్రీల వద్ద కరుగుతాయి. అయినా వెండి కడియాన్ని కొవ్వొత్తిపై ఎంతసేపు పట్టుకొన్నా అది కరగదు. మంటనుండి అందే ఉష్ణంకన్నా వెండిగుండా వ్యాపించి బయటికి పోయే ఉష్ణం ఎక్కువ కావడమే దీనికి కారణం. లోహాలలో వెండి అత్యుత్తమ ఉష్ణవాహకం. కాబట్టి సన్నని బంగారు గొలుసు లంకెను అతకడానికి సరిపోయిన మొన వెడల్పైన వెండి పట్టీకి చాలదు. దీనికి భిన్నంగా, పెద్ద మంట సన్నని లంకెను క్షణంలో కరిగించివేస్తుంది.

వివిధ మంటల గరిష్ఠ ఉష్ణోగ్రతలు సుమారుగా ఇట్లా ఉంటాయి:

* బ్యూటేన్ లేదా ప్రొపేన్, గాలి: 1950 – 2000 డిగ్రీలు
* ప్రొపేన్, ఆక్సిజన్: 2800 డిగ్రీలు
* ఎసిటిలీన్, ఆక్సిజన్: 3100 డిగ్రీలు

ఎన్నిక

వంటింటి లైటరు గ్యాసుతో నింపుకొనే బ్యూటేన్ టార్చి చవకైనది. ఉంగరాలు, చెవిపోగులు, సన్నని తీగ పనికి ఇది సరిపోతుంది. బ్యూటేన్ సుమారు సున్నా డిగ్రీల వద్ద మరుగుతుంది కాబట్టి చలి ప్రదేశాలలో దాని ఒత్తిడి తగ్గి మంట బలహీనపడుతుంది. ప్రొపేన్ −42 డిగ్రీల వద్దనే మరుగుతుంది కాబట్టి దానికి ఈ లోపం లేదు.

ఎల్పీజీని కాలితిత్తి లేదా బ్లోయరు గాలితో కలిపి మండించే టార్చి మెత్తని, వెడల్పైన మంటనిస్తుంది. వెండి పనికి ఇది అనుకూలం. గృహావసరాలకిచ్చే ఎల్పీజీ సిలిండరును వ్యాపారపు పనికి వాడటం భారతదేశంలో చట్టవిరుద్ధం.

ఎల్పీజీ లేదా ప్రొపేన్‌ను ఆక్సిజన్‌తో మండించే కలం వంటి టార్చి సూక్ష్మమైన అతుకులకు ఉపయోగపడుతుంది. దీని మొనలను పనినిబట్టి మార్చుకోవచ్చు. ప్లాటినం 1768 డిగ్రీల వద్ద కరుగుతుంది కాబట్టి ఆ పనికి ఆక్సిజన్ మంట అవసరం. ఎసిటిలీన్ మంట శుభ్రంగా లేకపోతే మసి పడుతుంది. పైగా దాని తీవ్రత సన్నని నగకు అపాయకరం. సాధారణ నగల పనికి అది అవసరం లేదు.

గాజు విషయంలో ముందుగా గాజు రకాన్ని నిర్ణయించుకోవలెను. పూసలకు వాడే సోడా గాజు తక్కువ వేడికే మెత్తబడుతుంది. గాలితో మండే టార్చితో దీనిని నేర్చుకోవచ్చు గాని పని నెమ్మదిగా సాగుతుంది. ప్రయోగశాల పరికరాలకు వాడే బోరోసిలికేట్ గాజు సుమారు 820 డిగ్రీల వద్ద మెత్తబడటం మొదలైనా, దానితో పని చేయడానికి సుమారు 1250 డిగ్రీలు కావాలి. దీనికి ఆక్సిజన్ టార్చి తప్పనిసరి. వాయువులు టార్చి లోపలే కలిసే రకంలో మంట వెనుకకు పాకే అవకాశం ఉంది. మొన వెలుపల కలిసే రకంలో ఆ ప్రమాదం చాలా తక్కువ.

వాడే విధానం

మంటలో నీలిరంగు లోపలి శంకువు కొసకు కొద్దిగా ముందున్న భాగం అత్యంత వేడిగా ఉంటుంది. లోహాన్ని శంకువు లోపల ఉంచరాదు. ఆక్సిజన్ కొద్దిగా తక్కువైన మంట లోహాన్ని నల్లబడకుండా కాపాడుతుంది. అదే మంట రాగి, సీసం గల కొన్ని రంగు గాజులను నల్లబరుస్తుంది. కాబట్టి గాజు పనికి సాధారణంగా సమతుల్యమైన మంటను గాని, ఆక్సిజన్ కొంచెం ఎక్కువైన మంటను గాని వాడుతారు.

అతికేటప్పుడు ముందు వస్తువును శుభ్రపరచి, వెలిగారం పూసి, మొత్తం వస్తువును సమంగా వేడిచేయవలెను. టంకాన్ని మంటతో కాక, వేడెక్కిన లోహంతో కరిగించవలెను. కరిగిన టంకం వేడి ఎక్కువగా ఉన్న వైపు పారుతుంది. 92.5 శాతం వెండి సుమారు 800 డిగ్రీల వద్దనే కరగడం మొదలుపెడుతుంది. గట్టి వెండి టంకాలు 750 డిగ్రీలు దాటిన తరువాతనే పారుతాయి. ఈ రెండింటి మధ్యనున్న కొద్దిపాటి తేడాయే కంసాలికి మిగిలే అవకాశం. అందుకే మసక వెలుతురులో లోహపు రంగును గమనిస్తూ, టంకం మెరిసి పారగానే మంట తీసివేస్తారు.

గాజును మంట కొసనుండి క్రమంగా లోపలికి తేవలెను. ఒక్కసారిగా వేడి తగిలితే అది పగులుతుంది. పూర్తయిన పూసను చిన్న కొలిమిలో ఉంచి నెమ్మదిగా చల్లార్చడాన్ని మందశీతలీకరణం అంటారు. సోడా గాజుకు ఇది సుమారు 500 డిగ్రీల పైన ప్రారంభమవుతుంది. ఇట్లా చేయని పూస చూడటానికి బాగానే ఉన్నా, లోపలి ఒత్తిళ్ళ వలన కొన్నాళ్ళకు తనంతట తానే పగలవచ్చు.

జాగ్రత్తలు

* ఎల్పీజీ గాలికన్నా బరువైనది. కారితే నేలపై పేరుకొంటుంది. అతుకులను సబ్బునీటితో పరీక్షించవలెను, మంటతో పరీక్షించరాదు.
* ఆక్సిజన్ రెగ్యులేటరుకు, గొట్టాలకు నూనె, గ్రీజు తగలరాదు. అధిక పీడనంలోని ఆక్సిజన్‌లో నూనె దానంతట అదే అంటుకోగలదు.
* మంట వెనుకకు పాకకుండా ఆపే పరికరాన్ని రెండు గొట్టాలకూ అమర్చుకోవలెను.
* ప్రొపేన్ టార్చిని వెలిగించేటప్పుడు ముందు ఇంధనాన్ని, తరువాత ఆక్సిజన్‌ను తెరవవలెను. ఆర్పేటప్పుడు ముందు ఆక్సిజన్‌ను మూయవలెను.
* వేడి గాజునుండి వెలువడే సోడియం పసుపు వెలుగు పనిని కనబడనీయదు. డిడిమియం కళ్ళద్దాలు దీనిని అడ్డుకొంటాయి. బోరోసిలికేట్ పనిలో పరారుణ కిరణాలను కూడా అడ్డుకొనే అద్దాలు అవసరం. ఆ కిరణాలు ఏళ్ళ తరబడి తగిలితే కంటిలో శుక్లాలు ఏర్పడతాయి.
* మూసిన గదిలో పని చేయరాదు. పొగను బయటికి లాగే ఫ్యాను, అది ముఖం మీదుగా పోకుండా లాగేటట్లు ఉండవలెను.
* కాలినచోట ధారగా పారే చల్లని నీటిని సుమారు 20 నిమిషాలు పోయవలెను.

కాడ్మియం ప్రమాదం

నగల దుకాణాలలో వినిపించే 'కేడీఎం' అనే మాట కాడ్మియం కలిసిన టంకానికి సంబంధించినది. తక్కువ వేడికే పారుతుంది, బంగారపు మాత్రను తగ్గించదు అనే కారణాల వలన ఇది ప్రచారంలోకి వచ్చింది. అయితే కాడ్మియం 767 డిగ్రీల వద్దనే ఆవిరవుతుంది. టార్చి మంట దానిని సులభంగా దాటుతుంది. ఆ పొగ ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. దీర్ఘకాలంలో మూత్రపిండాలను పాడుచేస్తుంది. పొగ పీల్చిన కొన్ని గంటల వరకు లక్షణాలు కనబడకపోవడం వలన పనివాడు ప్రమాదాన్ని వెంటనే గుర్తించలేడు. ఈ హాని నగ ధరించేవారికన్నా దానిని చేసేవారికే ఎక్కువ. జింకు, ఇండియం వంటి లోహాలు కలిసిన, కాడ్మియం లేని టంకాలు లభిస్తాయి. ఎంత మంచి టార్చి ఉన్నా, టంకంలో ఏమున్నదో తెలియకుండా దానిపై మంట పెట్టరాదు.

ఇవి కూడా చూడండి

* ఊదుగొట్టం
* కుంపటి
* వెలిగారం
* గాజు
* కాడ్మియం